పాత విమానానికి ట్యాంకు మార్చిన అబ్బాయి ఏం చదవాలి?

ప్రశ్న: మేము పెన్సిల్వేనియాలో ఉంటున్నాం. మావారు హెచ్‌1బీ వీసా మీద పనిచేస్తున్నారు, గ్రీన్ కార్డు ఇంకా రాలేదు. మా అబ్బాయికి పదిహేడేళ్లు, హైస్కూలు చివరి సంవత్సరం. వేసవి నుంచి ప్రతి శనివారం దగ్గర్లోని చిన్న ఎయిర్‌పోర్టుకు వెళ్తున్నాడు. అక్కడ ఒక పెద్దాయన తన 1946 నాటి పైపర్ కబ్ అనే చిన్న విమానానికి పెట్రోలు ట్యాంకు మారుస్తుంటే సాయం చేస్తున్నాడు. ఇప్పుడు కంప్యూటర్ సైన్స్ వద్దు, విమానాల మెకానిక్ అవుతానంటున్నాడు. దీపస్తంభం చేస్తానని ఆ పాత ట్యాంకును మా గ్యారేజీకి కూడా తెచ్చాడు. గుంటూరులో ఉన్న మా మామగారికి ఏమని చెప్పాలి?

జవాబు: అమ్మా, చదువు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ ట్యాంకును గ్యారేజీలోంచి బయటికి పంపించండి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకుతోనే ఎక్కువ ప్రమాదం. మండేది ద్రవం కాదు, గాలితో కలిసిన ఆవిరి. ఖాళీ ట్యాంకు నిండా ఉండేది ఆ మిశ్రమమే. మీ గ్యారేజీలో గ్యాసుతో నడిచే వాటర్ హీటర్ ఉంటే దాని మంట ఒక్కటి చాలు. దీపం కోసం డ్రిల్లు పెట్టినా నిప్పురవ్వలు వస్తాయి. పైగా విమానాల పెట్రోలులో సీసం కలుస్తుంది, ఆ కాలపు ట్యాంకుల పూతలోనూ టంకంలోనూ సీసం ఉంటుంది. దాన్ని తిరిగి హ్యాంగరుకే, అంటే విమానం ఉంచే షెడ్డుకే చేర్చి, లోపలి ఆవిరిని పూర్తిగా తొలగించాకే కోత పెట్టమని ఆ పెద్దాయనతోనే చెప్పించండి. మీరు చెబితే వినకపోవచ్చు, ఆయన చెబితే వింటాడు.

ఇక వాడు చేస్తున్న పని గురించి. మీ ఉత్తరంలో అది ఒక్క వాక్యంలో అయిపోయింది గానీ, వాడి భవిష్యత్తు గురించి నాకు ఎక్కువ చెప్పింది ఆ వాక్యమే. కబ్‌లో పెట్రోలు ట్యాంకు ఇంజన్‌కూ ముందు సీటుకూ మధ్య ఉంటుంది. పట్టేది 12 గ్యాలన్లు, అంటే సుమారు 45 లీటర్లు. పంపు లేదు, పెట్రోలు తన బరువుతోనే ఇంజన్‌లోకి దిగుతుంది. ఎంత మిగిలిందో చెప్పే మీటరు, ట్యాంకు లోపల తేలే బెండు ముక్కకు గుచ్చిన ఒక తీగ. అది మూతలోంచి పైకి పొడుచుకొని అద్దం ముందే కనిపిస్తుంది. పెట్రోలు తగ్గేకొద్దీ తీగ కిందికి దిగుతుంది. ఇంత సాదా యంత్రానికి ట్యాంకు మార్చడం ఎంతసేపు అనిపిస్తుంది కదా? ట్యాంకు బయటికి రావాలంటే ముందు దాని చుట్టూ ఉన్న రేకులు, అద్దం విప్పాలి. డెబ్బై ఎనభై ఏళ్లుగా అడుగున చేరిన నీటికి ఉక్కు తుప్పు పడుతుంది, అతుకుల దగ్గర చెమ్మ మొదలవుతుంది. మధ్యలో ఎవరో కారడం ఆపడానికి లోపల పూత పోసి ఉంటారు. ఆ పూత పొరలు పొరలుగా ఊడి జల్లెడకు అడ్డుపడితే గాలిలో ఇంజన్ ఆగిపోతుంది. కొత్త ట్యాంకు బిగించేటప్పుడు పట్టీల కింద మెత్తని ఫెల్టు సరిగ్గా పడకపోతే, ఇంజన్ అదురుకు లోహం లోహాన్ని అరగదీస్తుంది. చివరికి సబ్బు నీళ్లు పూసి బుడగల కోసం వెతకాలి. పైపు విప్పి, ఇంజన్‌కు కావలసినంత ధార వస్తుందో లేదో గిన్నె పెట్టి కొలవాలి.

ఆ తర్వాత కాగితాలు. అచ్చం పాతదానిలాంటి ఆమోదిత ట్యాంకు పెడితే ఒక దారి. ఉక్కుకు బదులు అల్యూమినియం పెడితే దాన్ని మార్పు కింద లెక్కించి, విడిగా ఆమోదం కావాలనవచ్చు. బరువు తేడా వస్తే ఆ లెక్కా మళ్లీ రాయాలి. ఏం చేశారో, ఏ రోజు చేశారో లాగ్‌బుక్‌లో రాసి, సర్టిఫికెట్ ఉన్న మెకానిక్ సంతకం పెట్టాలి. మీ అబ్బాయి ఆ మెకానిక్ పర్యవేక్షణలో రెంచీ తిప్పవచ్చు, నిబంధనలు ఒప్పుకుంటాయి. సంతకం మాత్రం ఆయనదే.

ఇందులో ఏ రోజు వాడికి నచ్చిందో అడగండి. ఇంజన్ స్టార్టు చేసిన రోజు అంటే అది అందరికీ నచ్చేదే. ఫెల్టు కత్తిరించిన రోజో, బుడగలు వెతికిన రోజో, లాగ్‌బుక్‌లో వాక్యం ఎలా రాయాలో నేర్చుకున్న రోజో అంటే మాత్రం ఈ వృత్తి వాడిదే. నాకు కుర్రవాళ్ల ఆవేశం మీద పెద్దగా నమ్మకం లేదు. విసుగు పుట్టించే పనిని ఇష్టంగా చేసేవాడి మీద ఉంది.

అయితే మీ ఇంటికి ఒక చిక్కు ఉంది, అది జీతం కాదు. 2023లో అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో విమాన మెకానిక్‌ల మధ్యస్థ వార్షిక వేతనం సుమారు 75 వేల డాలర్లు, సాఫ్ట్‌వేర్ డెవలపర్లది 1,30,000 పైచిలుకు. తేడా ఉంది, కానీ 75 వేలతో ఆకలితో ఎవరూ పడుకోరు. అసలు చిక్కు వీసా. మీ అబ్బాయి మీ మీద ఆధారపడి హెచ్‌4లో ఉన్నాడనుకుంటున్నాను. దాని మీద చదువుకోవచ్చు, జీతానికి పనిచేయకూడదు. సాధారణంగా ఇరవై ఒకటి నిండగానే అది ముగుస్తుంది. మెకానిక్ సర్టిఫికెట్ పరీక్షలకు వెళ్లడానికి రెండు దారులున్నాయి: ఎయిర్‌ఫ్రేమ్ (విమానం ఒడలు), పవర్‌ప్లాంట్ (ఇంజన్) రెండూ కలిపి 30 నెలల పని అనుభవం, లేదా ఆమోదం పొందిన పాఠశాలలో కోర్సు. మొదటి దారి వాడికి మూసుకున్నట్టే. శనివారాల సాయంతో 30 నెలలు నిండాలంటే వాడికి పెళ్లీడు దాటుతుంది. రెండో దారిలో పద్దెనిమిది నిండితే సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు, దానికి పౌరసత్వం అడ్డు కాదు. కానీ ఆ తర్వాత? హెచ్‌1బీకి డిగ్రీ అవసరమైన ఉద్యోగం కావాలి, మెకానిక్ ఉద్యోగం ఆ కోవలోకి రాదు. నైపుణ్య కార్మికులకు ఈబీ3 గ్రీన్ కార్డు ఉంది. అక్కడ భారతీయుల వరుస ఎంత పొడవో మీకు నేను చెప్పాలా!

అందుకే నా సలహా: డిగ్రీనీ సర్టిఫికెట్‌నూ ఒకే చోట ఇచ్చే చదువు చూడండి. పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో ఏరోనాటికల్ ఇంజనీరింగ్ టెక్నాలజీ, డేటోనా బీచ్‌లోని ఎంబ్రీ రిడిల్‌లో ఏవియేషన్ మెయింటెనెన్స్ సైన్స్ ఇలాంటివే. దరఖాస్తుకు ముందు రెండు ప్రశ్నలు రాసి పంపండి. ఈ డిగ్రీతో మెకానిక్ పరీక్షలకు అర్హత వస్తుందా? చదివాక పని అనుమతిని పొడిగించే స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఈ కోర్సు ఉందా? రెండో దానికి 'లేదు' అంటే ఎంత పేరున్న చోటైనా మళ్లీ ఆలోచించండి. ఇరవై ఒకటి రాకముందే ఎఫ్‌1 విద్యార్థి వీసాకు మారడం గురించి వలస చట్టాల న్యాయవాదితో ఇప్పుడే మాట్లాడండి. హ్యాంగరులో పెద్దాయన ప్రేమతో డబ్బులిచ్చినా తీసుకోవద్దని వాడికి గట్టిగా చెప్పండి.

ఒకవేళ భారతదేశానికి రావలసి వస్తే అమెరికా సర్టిఫికెట్ నేరుగా చెల్లదు, ఇక్కడి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లైసెన్సు విడిగా తెచ్చుకోవాలి. పని మాత్రం ఉంది. శంషాబాద్‌లోనే జీఎంఆర్ ఏరో టెక్నిక్ బోయింగ్, ఎయిర్‌బస్ విమానాలకు మరమ్మతులు చేస్తుంది. అక్కడ బెండు మీటర్లు ఉండవనుకోండి. పాత విమానాలతోనే బతకడం ఏ దేశంలోనైనా కష్టమే. వారమంతా పెద్ద విమానాల దగ్గర పనిచేసి, శని ఆదివారాలు కబ్‌ల దగ్గర గడపడమే ఎక్కువ మందికి కుదిరే పద్ధతి.

మామగారికి ఫోనులో చెప్పకండి, 'మెకానిక్' అన్న ఒక్క మాటే ఆయనకు వినిపిస్తుంది. మీ రాష్ట్రంలోనే లాక్ హేవెన్ ఉంది, కబ్‌లను తయారు చేసిన ఊరు. ఏటా జూన్‌లో పాత పైపర్ విమానాలు అక్కడికి ఎగిరి వస్తాయి. వేసవిలో ఆయన మీ దగ్గరికి వస్తే అక్కడికి తీసుకువెళ్లండి. ఆ పసుపు విమానాల పక్కన నిలబెట్టి, ట్యాంకు ఎలా మార్చారో మనవడినే చెప్పనివ్వండి. తెలుగులో చెప్పాలని ముందే షరతు పెట్టండి.