గేటు కాడి సైకస్‌ను జరపాలంటే

తమ్మీ,

గేటు పక్కన సైకస్ (చిన్న ఈతచెట్టు లెక్క ఉండే అందపు చెట్టు) ముళ్లాకులు బండి లోపలికి రానిస్తలేవని, దాన్ని ప్రహరీ మూలకు జరుపుతానని అన్నవు. ముందు కింది రెండు మూడు వరుసల ఆకులు బోదెకు ఆనించి కోసి, చుట్టూ పుట్టిన పిలకలు తీసి చూడు. చాలా జాగ అక్కడే దొరుకుతది. అది సరిపోకపోతేనే గడ్డపార పట్టు.

ఎండాకాలంలో అసలే వద్దు, వేర్లు తెగిన చెట్టు మన నల్లగొండ ఎండకు ఆగదు. చెట్టు నడినెత్తిన కొత్తాకులు గుత్తిగా లేస్తున్నప్పుడూ వద్దు. అప్పుడు వేరు కదిలితే ఆకులు గిడసబారి వంకర పోతయి. వానలు పడి, కొత్తాకు ముదిరినంక, ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో మబ్బు పట్టిన రోజు చూసుకో.

తవ్వే ముందు రోజు చెట్టు మొదట్లో బాగా నీళ్లు పెట్టు. మనది ఎర్ర చెలక, పొడిగా ఉంటే వేరుగడ్డ చుట్టూ మన్ను నిలవదు. నడిమి పై ఆకులు నాలుగైదు ఉంచి మిగతావన్నీ కోసెయ్యి. ఇది చూసి ఇంట్లోవాళ్లు గొడవ చేస్తరు, పట్టించుకోకు. తెగిన వేర్లు అన్ని ఆకులకు నీళ్లు అందియ్యలేవు. తోలు చేతిగ్లవుజులు, కళ్లద్దాలు తప్పక పెట్టుకో.

బోదెకు ముప్పావు అడుగు దూరంలో గుండ్రంగా, అడుగున్నర లోతు తవ్వు. పైన పగడపు కొమ్మల్లాంటి బుడిపెల వేర్లు కనపడతయి. అది రోగం కాదు. గాలిలోని నత్రజనిని పట్టే నాచు వాటిలోనే ఉంటది, గీకెయ్యకు. లావు వేర్లను గడ్డపారతో చీల్చకుండా రంపంతో కొయ్యి. మన్నుతో కలిపి రెండు క్వింటాళ్లు దాటొచ్చు, కాబట్టి నలుగురిని పిలువు. గడ్డ కింద తడి గోనెసంచి దూర్చి దాంతోనే లేపాలె. బోదెను, ఆకులను పట్టి గుంజితే నడి మొగ్గ దెబ్బతింటది.

కొత్త గుంత వేరుగడ్డ కంటే అడుగు వెడల్పు ఉండాలె కానీ లోతు మాత్రం అంతే. చాలా చెట్లు చచ్చేది ఇక్కడనే. మొదలును మన్నులో పూడిస్తే వానకు నీళ్లు నిలిచి కుళ్లుతది. పాత మన్ను గుర్తు ఎక్కడుందో అక్కడికే నేల రావాలె. తవ్విన మన్నులో మూడోవంతు ముతక ఇసుక కలుపు, పచ్చి పెంట మాత్రం వెయ్యకు. మూలన నల్లరేగడి ఉంటే అర అడుగు మిట్ట చేసి దానిమీద నాటు. పెద్దది ఊగకుండా మూడు కర్రలతో కట్టు.

నాటిన రోజు మన్ను అణిగేదాక నీళ్లు పొయ్యి. ఆ తర్వాత పై రెండంగుళాలు ఎండితేనే మళ్లీ పొయ్యాలె, నడినెత్తిలో పొయ్యొద్దు. ఉన్న నాలుగాకులు పసుపు పడొచ్చు, నెలల తరబడి కొత్తాకు రాకపోవచ్చు. బోదెను వేలితో నొక్కి చూడు: గట్టిగా ఉంటే బతికే ఉంది, మెత్తగా దిగితే కుళ్లింది. కొత్తాకు వచ్చేదాక ఎరువు వద్దు. వచ్చిన ఆకులు పసుపుగా, చివర్లు మాడినట్టు ఉంటే మాంగనీసు అనే పోషకం తక్కువైనట్టు. క్షారం ఎక్కువున్న బోరునీళ్ల దగ్గర ఇది మామూలే. లీటరుకు రెండు గ్రాముల మాంగనీస్ సల్ఫేట్ పిచికారీ చెయ్యి. చెడిన ఆకు బాగుపడదు, తర్వాత వచ్చే ఆకు మంచిగొస్తది.

తీసిన పిలకల ఆకులు కోసి, కోత మీద కాపర్ ఆక్సిక్లోరైడ్ అనే బూజు మందు రాసి, నీడలో వారం ఆరబెట్టి ఇసుక కుండీలో సగం దాకా నాటు. కాయలు కాసే ఆడచెట్టైతే రాలిన ఎర్రటి గింజలు ఏరెయ్యి. కుక్క ఒక్క గింజ తిన్నా కాలేయం పాడై చచ్చిపోవచ్చు.

అక్క