అమ్మాయికి ఆడ మెంటరే కావాలా?

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్‌లో చేరింది. వాళ్ల కాలేజీలో ఫస్టియర్ పిల్లలందరికీ ఒక్కో సీనియర్‌ని మెంటర్‌గా ఇస్తున్నారు. ఫామ్‌లో ఆడ, మగ, ఎవరైనా సరే అని మూడు గళ్లున్నాయి. మా అమ్మాయి ‘ఎవరైనా సరే’కి టిక్ పెట్టింది. నాకు మనసొప్పడం లేదు. చదువుపరంగా ఎవరైతే మంచిదో పోల్చి చెప్పండి. మా అబ్బాయి తొమ్మిదో తరగతి, వాడికి ఇలాంటివి అక్కర్లేదనుకుంటున్నాను. ఈ ఉత్తరం అమ్మాయికి తెలియకుండా రాస్తున్నాను. – ఒక తండ్రి

జవాబు: మీ చివరి వాక్యం దగ్గరే మొదలుపెడతానండీ. ఫామ్ తనది, మెంటర్ తనకి, నాలుగేళ్లు చదవాల్సింది తను. తనకి తెలియకుండా మనిద్దరం కూర్చుని ఏం తేలుస్తాం?

ఇలాంటి ఉత్తరాలు నాకు ఏడాది పొడుగునా వస్తాయి. పైకి రాసేది ‘చదువుపరంగా’ అన్న మాట. లోపలున్న టెన్షన్ వేరు. ఎవరో కుర్రాడితో పిల్ల గంటల తరబడి మాట్లాడుతుందేమో, ఏదైనా అయితే ఎలా అని. ఆ భయం తప్పని నేననను. కానీ దానికి చదువు ముసుగేసి అడిగితే రెండిటికీ సరైన జవాబు దొరకదు. అందుకే విడదీసి చెబుతాను.

ముందు చదువు సంగతి. సరిగ్గా మీ అమ్మాయి లాంటి పిల్లల మీదే ఒక అధ్యయనం జరిగింది. అమెరికాలో మాసచూసెట్స్ యూనివర్సిటీ వాళ్లు ఇంజినీరింగ్‌లో కొత్తగా చేరిన 150 మంది అమ్మాయిలను తీసుకుని, లాటరీ వేసినట్టు కొందరికి సీనియర్ అమ్మాయిని, కొందరికి సీనియర్ అబ్బాయిని మెంటర్‌గా ఇచ్చారు. మిగిలినవాళ్లకి ఎవర్నీ ఇవ్వలేదు. ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. ఏడాది చివరికి అమ్మాయి మెంటర్‌గా ఉన్నవాళ్లలో ఒక్కరు కూడా ఇంజినీరింగ్ వదల్లేదు. మెంటరే లేనివాళ్లలో 11 శాతం, అబ్బాయి మెంటర్‌గా ఉన్నవాళ్లలో 18 శాతం వదిలేశారు. ఆ 18 చూసి కంగారు పడకండి. ఒక్కో గుంపులో ఉన్నది సుమారు యాభై మంది, 11కీ 18కీ మధ్య తేడా అంటే ముగ్గురో నలుగురో పిల్లలు. అసలు చూడాల్సింది వాళ్లు ఎందుకు నిలబడ్డారన్నది. మార్కులు పెరిగి కాదు. ‘ఇది నా చోటే, నేనిది చేయగలను’ అన్న నమ్మకం చెదరకుండా ఉండటం వల్ల.

అదే దేశపు ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో కూడా ఇలాంటిదే కనిపించింది. అక్కడ ఏ సెక్షన్‌కి ఏ లెక్చరర్ అన్నది విద్యార్థి చేతిలో ఉండదు. లెక్కలు, సైన్సు ఆడ లెక్చరర్లు చెప్పినప్పుడు, లెక్కల్లో ముందే గట్టిగా ఉన్న అమ్మాయిలకు బాగా మేలు జరిగింది. అబ్బాయిలకు ఎవరు చెప్పినా పెద్ద తేడా లేదు. ఇది 2010 నాటి మాట.

కాబట్టి క్లాసులో అమ్మాయిలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్నచోట, మొదటి ఏడాది, ఒక సీనియర్ అమ్మాయి తోడుండటం మంచిదే. మీ మాట నెగ్గిందనుకుంటున్నారేమో, ఆగండి. ఆవిడ ఆడపిల్ల కావడం వల్ల కాదు ఆ మేలు, అదే దారిలో నడిచొచ్చిన ఆడపిల్ల కావడం వల్ల. వర్క్‌షాప్‌లో బ్యాచ్‌మేట్లు నవ్వుతూనే “నువ్వు రికార్డు రాసెయ్, మెషీన్ మేం చూసుకుంటాం” అంటారు. చూడ్డానికి అది సాయంలాగే ఉంటుంది. రెండో వారంలోనే “ఈసారి రికార్డు నువ్వు రాయి” అని చెప్పి లేత్ హ్యాండిల్ తను పట్టుకోకపోతే, నాలుగేళ్లూ రికార్డే మిగులుతుంది. ఈ ముక్క ఇంకో బ్రాంచిలో చదివే అక్కకి తట్టకపోవచ్చు. అదే వర్క్‌షాప్‌లో ఒక అమ్మాయికి ఇలా జరగడం కళ్లారా చూసి, అడ్డుపడిన సీనియర్ అబ్బాయికి తట్టొచ్చు.

దీనికి పూర్తి తలకిందులుగా చెప్పే లింకు మీకెవరైనా పంపినా పంపుతారు. ఆడ గైడ్ల దగ్గర పనిచేసిన అమ్మాయిలు పరిశోధనలో వెనకబడతారని 2020లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ఒక పేపర్ వచ్చింది. అందులో, కలిసి పేపర్ రాసినంత మాత్రానే సీనియర్లందర్నీ మెంటర్లుగా లెక్కేశారు. విమర్శలు వెల్లువెత్తాయి, నెల తిరిగేసరికి దాన్ని వెనక్కి తీసుకున్నారు. లింకు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

ఇక నాకు గిట్టని విషయం. మెంటర్ అన్న మాట ఇప్పుడు ఫ్యాషన్ అయిపోయింది. యాప్‌లో డబ్బు కడితే మెంటర్, ప్యాకేజీ మారిస్తే ఇంకో మెంటర్. ‘అమ్మాయిలకు ప్రత్యేకం’ అని బ్యానర్ కట్టి, పెద్ద ఉద్యోగంలో ఉన్న ఒక మేడమ్‌ని పిలిపించి, గంట మాట్లాడించి, అందరితో ఫొటోలు దించి పంపేస్తారు. ఆవిడ మంచావిడే. కానీ పిల్లకి ల్యాబ్‌లో ఏడుపొచ్చిన సాయంత్రం ఆవిడ ఫోనెత్తదు, ఎత్తలేదు కూడా. ఆడ మెంటర్ దొరికిందన్న తృప్తి మాత్రం మీకు మిగులుతుంది.

ఇందులో నష్టమేముంది అంటారేమో. ఉంది. అమెరికాలో బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అని ఒక సంస్థ ఉంది, ఒక్కో పిల్లకో పిల్లాడికో అన్నలా, అక్కలా ఒక పెద్ద వలంటీర్‌ని జతచేస్తుంది. అందులోని పిల్లల మీద జరిగిన అధ్యయనం ఒకటి 2002లో వచ్చింది. ఏడాది దాటి నిలిచిన జోడీల్లో పిల్లలకు బాగా మేలు జరిగింది. మూడు నెలల్లోపే తెగిపోయిన జోడీల్లో పిల్లలకు తమ మీద తమకున్న గౌరవం తగ్గింది, ‘నాకు చదువొచ్చు’ అన్న ధీమా కూడా తగ్గింది. అంటే మధ్యలో వదిలేసే మెంటర్ కన్నా అసలు లేకపోవడమే నయం. మీరు కాలేజీని అడగాల్సింది ఆ ప్రశ్న. ఈ సీనియర్ ఏడాదంతా ఉంటారా? నెలకి ఎన్నిసార్లు కలుస్తారు? కుదరకపోతే మార్చుకోవచ్చా? మీరు మాత్రం ఆడా మగా దగ్గరే ఆగిపోయారు.

ఇప్పుడు ఆ లోపలి భయం. కలిసేది లైబ్రరీలోనో క్యాంటీన్‌లోనో, నలుగురూ తిరిగే చోట. ఏ రోజు కలుస్తున్నారో ఇంట్లో ఇంకొకరికి తెలియాలి. అర్ధరాత్రి చాటింగులు, ఖరీదైన కానుకలు, ‘ఇది మనిద్దరి మధ్యే ఉండాలి’ అన్న మాట, ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆ మెంటర్ వద్దు. ఆడైనా అంతే, మగైనా అంతే. మేడమే కదా అని మీరు నిశ్చింతగా ఉన్న చోట ఈ నియమాలు ఎవరూ పట్టించుకోరు, నాకు ఎక్కువ భయం అక్కడే. అన్నిటికన్నా ముందు, ఏదైనా తేడాగా అనిపిస్తే అమ్మాయి వచ్చి మీకే చెప్పాలి. వెనకాల ఉత్తరాలు రాసే నాన్నకి ఏ పిల్ల చెబుతుంది? కోప్పడుతున్నాననుకోకండి. అనుకున్నా ఫర్వాలేదు. ‘ఎవరైనా సరే’ అని టిక్ పెట్టగలిగిన పిల్లంటే మనుషుల్ని చూసి బెదిరే పిల్ల కాదు. అలా పెంచింది మీరే. ఆ పెంపకం మీద కొంచెం నమ్మకం ఉంచండి.

మీ అబ్బాయి గురించి మీరు రాసింది ఒక్క వాక్యం. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే. అబ్బాయిలకు మెంటర్ అక్కర్లేదని ఎవరు చెప్పారండీ? అడగరు కాబట్టి అక్కర్లేదనుకుంటాం. నేనిందాక చెప్పిన సంస్థలో మగ వలంటీర్లు చాలక, ‘అన్న’ కోసం అబ్బాయిలే ఎక్కువకాలం ఎదురుచూస్తుంటారు.

నా దగ్గరికి ఒక కుర్రాణ్ణి తీసుకొచ్చేవాళ్లు, పదిహేనేళ్లు. మూడు వారాలు ఎదురుగా కూర్చోబెట్టి ఏమడిగినా “ఆఁ”, “ఊఁ”, “ఏం లేదు”. నాలుగో వారం నా టేబుల్ ల్యాంప్ వెలగడం లేదు. స్క్రూడ్రైవర్ వాడి చేతికిచ్చాను. హోల్డర్ విప్పి, వదులైన వైరు బిగిస్తూ, తలెత్తకుండానే “మా నాన్న నాతో మాట్లాడి రెండు నెలలైంది” అన్నాడు. నేను కూడా వాడి ముఖంలోకి చూడలేదు, బల్బు పట్టుకుని కూర్చున్నాను. చాలామంది అబ్బాయిలు ఎదురెదురుగా కూర్చుంటే నోరు విప్పరు, పక్కపక్కన ఏదో పని చేస్తుంటే విప్పుతారు. అమ్మాయిల్లోనూ అలాంటివాళ్లున్నారు, ఇదేమీ చట్టం కాదు. మీ అబ్బాయికి మేనమామో, క్రికెట్ కోచో, లెక్కల మేడమో, ఎవరైనా అలా పక్కన ఉన్నారా?

ఈ మెంటర్ అన్న పేరే గ్రీకు పురాణంలోది. ఊరు విడిచి వెళుతూ ఒక రాజు తన కొడుకుని కనిపెట్టుకోమని మెంటర్ అనే స్నేహితుడికి చెప్పి వెళ్తాడు. తీరా ఆ కుర్రాడికి దారి చూపించేది మెంటర్ రూపంలో వచ్చిన ఎథీనా దేవత. ఫామ్‌లో ఆవిడకి ఏ గడిలో టిక్ పెట్టాలో మరి!

ఫామ్ ఇంకా ఇవ్వకపోతే ఈ జవాబు మీ అమ్మాయికి చూపించండి. అమ్మాయి మెంటర్ వల్ల మొదటి ఏడాదిలో వచ్చే లాభమేంటో తనే చదువుకుంటుంది. టిక్ మార్చుకుంటుందో లేదో తనిష్టం. మార్చకపోతే మళ్లీ నాకు రాయకండి. రాయాలనిపిస్తే అబ్బాయి గురించి రాయండి, ఈసారి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని.