ఊపిరితిత్తి చుట్టూ మళ్లీ మళ్లీ నీరు.. పౌడర్‌తో అతికిస్తారట, చేయించవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. మూడేళ్ల క్రితం రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయ్యాయి. ఇప్పుడు కుడివైపు ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరుతోంది. నెలన్నరలో మూడుసార్లు సూదితో తీశారు. తీసిన రాత్రి హాయిగా పడుకుంటుంది, పది రోజులకే మళ్లీ ఆయాసం. ఈసారి ట్యూబ్ వేసి, పౌడర్ పెట్టి ప్లూరోడెసిస్ చేద్దామంటున్నారు. వింటేనే టెన్షన్‌గా ఉంది. ఒప్పుకోమంటారా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: నీరు తీసిన రాత్రి అమ్మ హాయిగా పడుకుంటోందని రాశారు చూడండి, నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం అదే. ఆయాసం ఆ నీటి వల్లే వస్తోందని అర్థం. నీరు తీసినా ఊపిరి అందనివాళ్లకు ఈ చికిత్స చేసి పెద్దగా ప్రయోజనం ఉండదు. మీ అమ్మగారికి ఉండే అవకాశం ఉంది.

ఊపిరితిత్తి మీద ఒక పొర, ఛాతీ గోడకు లోపలివైపు మరో పొర ఉంటాయి. వాటి మధ్య సన్నటి సందులోనే నీరు చేరుతుంది. ఆ సందులో మందు వేసి పొరలకు కావాలనే వాపు తెప్పిస్తారు. అది మానేటప్పుడు రెండూ ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇక నీరు చేరడానికి చోటుండదు. ప్లూరోడెసిస్ అంటే ఇదే. ఊపిరితిత్తికి చిల్లు పడి పదేపదే గాలి చేరేవాళ్లకూ ఇదే చికిత్స చేస్తారు.

పౌడర్ అంటే ముఖానికి రాసుకునేది కాదు. ఇందుకోసమే శుద్ధిచేసిన టాల్క్, సుమారు 4 గ్రాములు. సెలైన్‌లో కలిపి ట్యూబ్‌లోంచి పంపుతారు, లేదా థొరకోస్కోపీ (ఛాతీలోకి కెమెరా గొట్టం పంపి చూసే పద్ధతి) చేసి లోపల చల్లుతారు. చాలాచోట్ల బెటాడిన్ ద్రావణమూ వాడతారు. అయోడిన్ పడకపోయినా, థైరాయిడ్ సమస్య ఉన్నా ముందే చెప్పండి. బ్రిటన్‌లో 330 మంది మీద చేసి 2019లో ప్రచురించిన పరిశోధనలో, 90 రోజులకు ట్యూబ్ పద్ధతిలో 24 శాతం మందికి, చల్లే పద్ధతిలో 22 శాతం మందికి ఫలితం దక్కలేదు. పెద్ద తేడా లేదు. కాబట్టి కేవలం పౌడర్ చల్లించడం కోసమే ఎక్కువ ఖర్చు పెట్టుకోనక్కర్లేదు.

ఒప్పుకునే ముందు మీ డాక్టర్‌ని ఒక్కటి అడగండి: "నీరు తీశాక ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుందా?" అది ఛాతీ గోడను తాకకపోతే ఎంత మందు వేసినా అతుక్కోదు. అలాంటప్పుడు సన్నటి క్యాథెటర్ (మెత్తని గొట్టం) అమర్చి ఇంటికి పంపుతారు, ఆయాసం వచ్చినప్పుడు ఇంట్లోనే నీరు తీసుకోవచ్చు. అదీ మంచి దారే.

తీసిన నీటిలో క్యాన్సర్ కణాలు కనిపించాయో లేదో కూడా రిపోర్టులో చూసుకోండి. పాత క్యాన్సర్ ఉంది కదా అని ఊహించేయకూడదు. మన దగ్గర టీబీ వల్ల నీరు చేరడం చాలా మామూలు. దానికి మందులు చాలు, అతికించే పని లేదు. క్యాన్సరే అయితే, ప్లూరోడెసిస్ ఆయాసాన్ని ఆపుతుందే గానీ జబ్బును తగ్గించదు. క్యాన్సర్ డాక్టర్‌ని కలవడం వాయిదా వేయకండి.

ఇక ఆ రోజు సంగతి. పక్కటెముకల మధ్య మత్తు సూది ఇచ్చి ట్యూబ్ వేస్తారు. నీటిని మెల్లగా, ఒక్కసారికి లీటరున్నర దాటకుండా తీస్తారు, ఒకేసారి లాగేస్తే ఊపిరితిత్తి వాచే ప్రమాదం ఉంది. ట్యూబ్‌లోకి లిగ్నోకెయిన్ అనే మత్తుమందు, తర్వాత అతికించే మందు పంపి, గంటసేపు క్లాంప్ వేసి ట్యూబ్‌ను మూసి ఉంచుతారు. అప్పుడు ఛాతీలో మంట, నొప్పి వస్తాయి. ఓర్చుకోమని అమ్మకు చెప్పకండి, నర్సును పిలిచి నొప్పి మందు ఇప్పించండి. ఒకట్రెండు రోజులు జ్వరం రావచ్చు, అది మందు పనిచేస్తున్నప్పుడు వచ్చేదే. చలితో వణికినా, ఊపిరి ఇబ్బంది పెరిగినా మాత్రం వెంటనే డ్యూటీ డాక్టర్‌కి చెప్పాలి. బాత్రూమ్‌కి తీసుకెళ్లేటప్పుడు ట్యూబ్ బాటిల్‌ను ఎప్పుడూ ఛాతీ కంటే కిందే పట్టుకోండి, పైకెత్తితే అందులోని నీరు తిరిగి లోపలికి పోతుంది. స్టెరాయిడ్లు, రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతుంటే ఆ చీటీలన్నీ అడ్మిషన్ రోజునే చూపించండి.