మా నాన్నగారి సరెండర్ లీవు

సరెండర్ అనే మాటకు అసలు అర్థం ఏమిటి, అది ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగారు. చాలామంది 'లొంగిపోవడం' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. గుంటూరులో మా ఇంట్లో ఆ మాట వినబడితే పండగే.

మా నాన్నగారు ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. జనవరిలో 15, జూలైలో 15 ఈఎల్‌లు, అంటే ఆర్జిత సెలవులు, జమయ్యేవి. వాటిని వాడకుండా దాచుకుని, ఏడాదికోసారి 15 రోజులు సరెండర్ చేసి ఆ మేరకు జీతం తీసుకునేవారు. ఓసారి కార్తీక మాసంలో ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. అయినా మెడకు మఫ్లరు చుట్టుకుని, చొక్కా జేబులో మాత్రలు వేసుకుని సైకిలు తీశారు. "ఈ సెలవులు కాస్తా వాడేస్తే నీ కుట్టుమిషను రాదే" అన్నారు. "మిషను లేకపోతే పోయింది, మీరు మంచాన పడితే ఎవరు దిక్కు?" అని అమ్మ గుమ్మంలోనే ఏడ్చేసింది.

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు బిల్లు పాసైంది. పట్నంబజారు నుంచి రిక్షాలో మిషను వచ్చింది. చక్రానికి చుట్టిన కాగితం నాన్నగారే జాగ్రత్తగా విప్పారు. నూనె వాసన ఇల్లంతా పట్టేసింది. "పదిహేను రోజులు సర్కారుకి తిరిగి ఇచ్చేసి దీన్ని తెచ్చానే" అన్నారు అమ్మతో.

నాన్నగారికి ఫ్రెంచి రాదు కానీ సరిగ్గా చెప్పారు. పాత ఫ్రెంచిలో 'రాండ్ర్' అంటే తిరిగి ఇవ్వడం, దాని ముందు 'మీద' అనే అర్థమిచ్చే 'సుర్' చేరింది. 15వ శతాబ్దపు ఇంగ్లీషులో ఇది ఆస్తుల లావాదేవీల మాట. భూమి మీద తనకున్న హక్కును వదిలి అప్పగించడం. మనిషి తనను తాను శత్రువుకు అప్పగించుకోవడమనే అర్థం ఆ తర్వాతి శతాబ్దంలో వచ్చింది. ఎల్‌ఐసీ పాలసీ సరెండర్ చేస్తామంటే ఇప్పటికీ ఆ పాత అర్థమే. మన చేతిలో ఉన్నదాన్నే కదా వదులుకుంటాం! శరణాగతిని కూడా ఇందులో కలిపేస్తారు, అది వేరు. విభీషణుడు రాముడి నీడకు వచ్చాడు, దేన్నీ తిరిగి ఇవ్వడానికి రాలేదు.

ఇప్పుడు మా అన్నయ్య ఉద్యోగం చేస్తున్నాడు. సరెండర్ బిల్లు పెట్టి రెండేళ్లు దాటింది, పైసా పడలేదు. అడిగితే "నిధులు రావాలండీ" అంటారు. సర్వీసు రిజిస్టరులో మాత్రం ఆ 15 రోజులూ ఎప్పుడో కొట్టేశారు.