వైటల్స్ వేరు, మందులు వేరు అనుకుంటేనే కష్టం

అనకాపల్లి దగ్గర నుంచి ఒక అమ్మాయి రాసింది. బీఎస్సీ నర్సింగ్ మూడో సెమిస్టర్, ఇంటర్ దాకా తెలుగు మీడియం. "మేడమ్, వార్డులో రోజంతా టెంపరేచర్లు, బీపీలు రాయడమే సరిపోతోంది. ఇటు ఫార్మకాలజీలో అలర్జీ మందులు, జలుబు మందుల పేర్లు ఒక్కటీ బుర్రలో నిలవట్లేదు, ఇంటర్నల్స్ పోయింది. మానేసి డిగ్రీలో చేరమని అమ్మ అంటోంది. ఏం చేయను?"

మానకమ్మా. రక్తం చూస్తే కళ్లు తిరుగుతున్నాయి, నైట్ డ్యూటీ నా వల్ల కాదు అని రాసి ఉంటే ఆలోచించేదాన్ని. పేర్లు నిలవకపోవడం చదివే పద్ధతిలో ఉన్న చిక్కు. మొదటి ఏడాది నర్సింగ్ ఫౌండేషన్స్ సబ్జెక్టులో వైటల్స్, అంటే టెంపరేచర్, పల్స్, శ్వాస, బీపీ చూడడం, అయిపోతాయి, మూడో సెమిస్టర్‌లో ఫార్మకాలజీ మొదలవుతుంది, దాంతో అవి రెండూ రెండు లోకాలని మీరు అనుకుంటారు. వార్డులో అలా ఉండదు.

కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ స్టాఫ్ నర్సునే. చేరిన కొత్తలో డెబ్బై దాటిన ఒక తాత అడ్మిట్ అయ్యాడు. పల్స్ 112, బీపీ 170/100, టెంపరేచర్ మామూలే. చక్కగా చార్టులో రాసి పక్క బెడ్‌కి వెళ్లిపోయాను. తాత మంచం మీద అటూ ఇటూ దొర్లుతూనే ఉన్నాడు, మరి దాన్ని రాయడానికి చార్టులో గడి లేదు కదా. ఇన్‌ఛార్జ్ సిస్టర్ వచ్చి పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి "పొద్దున్నుంచి ఒంటికి పోయావా తాతా?" అంది. పోలేదు. మూడు రోజులుగా మందుల షాపులో ఇచ్చిన జలుబు బిళ్లలు వేసుకుంటున్నాడు, వాటిలో క్లోర్‌ఫెనిరమిన్ అనే అలర్జీ మందు ఉంది, మనం సీపీఎం అంటామే అదే. ప్రోస్టేట్ పెరిగిన మగవాళ్లకి దాంతో మూత్రం బిగుసుకుపోవచ్చు. నిండిన మూత్రాశయం బాధకే పల్స్, బీపీ పెరిగాయి. క్యాథెటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) వేశాం, గంటలో బీపీ దిగింది. ఆవిడ చూడకపోతే బీపీ బిళ్ల వేసి ఊరుకునేవాళ్లమేమో. నేను అంకెలు తప్పు రాయలేదు, అంకెలు మాత్రమే రాశాను.

అందుకే మందును పేరుతో కాకుండా, అది ఒంట్లో దేన్ని కదుపుతుందో దాంతో పట్టుకో. సీపీఎం, అవిల్ లాంటి పాత అలర్జీ మందులు మెదడులోకి వెళ్తాయి, అందుకే మత్తు, ముసలివాళ్లు తూలి పడడం. ఒంట్లో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని కూడా అడ్డుకుంటాయి, అందుకే నోరెండడం, ఆ తాతకి మూత్రం బిగుసుకుపోవడం. సెట్రిజిన్‌తో మత్తు తక్కువ, ఫెక్సోఫెనడిన్‌తో ఇంకా తక్కువ. ముక్కు దిబ్బడ మందులు రక్తనాళాలను బిగిస్తాయి కాబట్టి బీపీ ఉన్నవాళ్ల దగ్గర జాగ్రత్త. ఆక్సీమెటజోలిన్ చుక్కలు మూడు రోజులు దాటి వాడితే మందు ఆపగానే ముక్కు ఇంకా ఎక్కువ మూసుకుపోతుంది. చాలా జలుబు బిళ్లల్లో పారాసెటమాల్ కూడా ఉంటుంది, అంటే థర్మామీటర్‌లో 98.6 చూసి జ్వరం లేదని రాసే ముందు "ఏమైనా బిళ్ల వేసుకున్నారా?" అని అడగాలి. సీపీఎం, ముక్కు దిబ్బడ మందు ఫినైలెఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని లేబుల్ మీద రాయాలని 2023 డిసెంబర్‌లో మన కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది, ఇది వైవాలో అడిగినా అడుగుతారు.

ఇంకొకటి. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం, పల్స్ పెరుగుతూ బీపీ పడిపోతోందంటే అది మామూలు అలర్జీ కాదు, ప్రాణాల మీదకి తెచ్చే అలర్జీ, అనాఫిలాక్సిస్. చాలామంది చెయ్యి ముందు అవిల్ మీదకే పోతుంది. ముందు ఇవ్వాల్సింది అడ్రినలిన్, తొడ కండరంలో. అవిల్ ఆ తర్వాత. మందు ఆపి డాక్టర్‌ని పిలిచేది నువ్వే, ఎందుకంటే ఆ పల్స్ చూసేది నువ్వే.

ఇక శ్వాస సంగతి. అందరికీ 20 అని రాసేస్తారు, నాకు తెలుసు, నేనూ రాశాను. పల్స్ చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉండి, పేషెంటుకి చెప్పకుండా నిండా ఒక నిమిషం లెక్కపెట్టు. చెప్తే ఊపిరి తీరు మార్చేస్తారు.

ఎయిమ్స్‌లో నర్సు ఉద్యోగానికి నార్సెట్ రాసినా, అమెరికా వెళ్దామని ఎన్‌క్లెక్స్ రాసినా పేషెంటు వైటల్స్ ఇచ్చి "ఇప్పుడు ముందు ఏం చేస్తావు?" అనే తరహా ప్రశ్నలు తప్పవు. 2023 ఏప్రిల్ నుంచి ఎన్‌క్లెక్స్‌లో కేసు మొత్తం ఇచ్చి అడిగే ప్రశ్నలు కూడా చేర్చారు. తెలుగు మీడియం దీనికి అడ్డం కాదు, రెండు కాలమ్‌ల నోట్‌బుక్ పెట్టుకుని మందు పేరు ఇంగ్లీషులో, అది చేసే పని తెలుగులో రాసుకో.

అమ్మతో వాదించకు. ఈ ఆదివారం ఇంటికెళ్లినప్పుడు ఆవిడ బీపీ తియ్యి. టీ తాగి అరగంట కావాలి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టు, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, చేతికి చుట్టే కఫ్ చిన్నదైతే బీపీ ఎక్కువ చూపిస్తుంది. తీసేటప్పుడు మాట్లాడనివ్వకు, అమ్మల దగ్గర అదొక్కటే కష్టం.