మాయ అడిగే ముందు

చిరంజీవి స్వప్నకు, నీ మేనత్త దీవెనలు.

పుట్టుకతో లోపాలున్న పసిపిల్లల కోసం మూలకణాల (స్టెమ్ సెల్స్) చికిత్స తయారుచేసే బృందంలో నీకు ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోను చేస్తే, పొయ్యి మీద కూర దించేసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. నల్లగొండలో పసిపిల్లల వార్డులో ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని. వెన్ను సరిగా మూసుకోక, వీపు మీద గడ్డతో, దానిపై చర్మం కూడా లేకుండా పుట్టిన బిడ్డను ఎన్నోసార్లు చేతుల్లోకి తీసుకున్నాను. సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డ కప్పి, బోర్లా పడుకోబెట్టి, హైదరాబాదు అంబులెన్సు ఎక్కించడం వరకే మా చేతిలో ఉండేది. ఆ పిల్లల వెన్ను కోసం నువ్వు పనిచేస్తున్నావంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

దేవరకొండ, అచ్చంపేట వైపు తిరిగి, కాన్పు తర్వాత బయటికి వచ్చే మాయను, అందులోని మూలకణాల కోసం, మీకు ఇచ్చేందుకు గర్భిణులను ఒప్పించడం నీ పని అని రాశావు. ముందుగా ఆ ‘ఒప్పించడం’ అన్న మాట మానేయి. నీ పని అడగడం. వద్దంటే నవ్వుతూ లేచి రావడం కూడా అందులో భాగమే.

నొప్పులు మొదలయ్యాక మాత్రం అడగవద్దు. ఒకసారి ఒక అమ్మాయి మంచం పట్టీని రెండు చేతులా పట్టుకుని మెలితిరిగిపోతుంటే, ఒకతను అట్టకు బిగించిన కాగితం ఆమె ముందు పెట్టాడు. ఏమిటని కూడా అడగకుండా వేలు ముందుకు చాపింది. తర్వాత చూస్తే దుప్పటి మీద, గాజుల మీద, ఆమె నుదుటి మీద కూడా నీలి సిరా. ఆ వేలిముద్రను సమ్మతి అనడానికి నాకు నోరు రాదు. ఏడో నెలలో పరీక్షకు వచ్చినప్పుడే చెప్పు. ఇంటికి వెళ్లి అత్తనూ భర్తనూ అడిగి రమ్మను. మళ్లీ వచ్చినప్పుడు నువ్వు చెప్పిందేమిటో ఆమెనే తన మాటల్లో చెప్పమను. అక్కడ తెలిసిపోతుంది, నువ్వు సరిగా చెప్పావో లేదో.

మన పల్లెల్లో మాయను భూమిలో పాతిపెట్టేవారు. కుక్క ముట్టినా బిడ్డకు కీడని నమ్మకం. ఆసుపత్రి కాన్పులు వచ్చాక కూడా, గుడ్డ సంచి పట్టుకుని లేబర్ రూము గుమ్మంలో మాయ కోసం నిలబడిన ముసలమ్మలను చూశాను. కణాలు తీసుకున్నాక మిగిలినదాన్ని ఏం చేస్తారని వాళ్లు తప్పకుండా అడుగుతారు. ఆ జవాబు మీ పెద్ద డాక్టరు దగ్గర ముందే కనుక్కుని వెళ్లు. తండాలకు వెళ్లేటప్పుడు లంబాడీ మాట్లాడే ఆశా కార్యకర్త వెంట ఉండాలి. తెలుగులో తలూపినంత మాత్రాన అర్థమైనట్టు కాదు.

శాస్త్రం సంగతి ఎంతవరకు చెప్పాలని అడిగావు. ఉన్నదంతా చెప్పు, లేనిది ఒక్క ముక్క కూడా కలపకు. బిడ్డ కడుపులో ఉండగానే వెన్నుకు ఆపరేషన్ చేస్తే మేలని అమెరికాలో జరిగిన పరీక్షల ఫలితాలు 2011లో వచ్చాయి. పుట్టాక ఆపరేషన్ చేసిన పిల్లల్లో తలలో నీరు తీసే గొట్టం అవసరమైనవాళ్లు 82 శాతమైతే, కడుపులోనే చేసినవాళ్లలో 40 శాతం. మాయలోని మూలకణాలను పెంచి, పట్టీగా ఆ ఆపరేషన్‌లోనే వెన్ను మీద అమర్చడం కాలిఫోర్నియాలో 2021లో మొదలుపెట్టారు. అంతకుముందు ఏళ్ల తరబడి గొర్రెపిల్లల మీద చేసి చూశారు. కాళ్లు పడిపోయి పుట్టవలసిన గొర్రెపిల్లలు లేచి నడిచాయి. పాలమూరు తల్లికి గొర్రెపిల్ల గురించి చెబితే ఇట్టే అర్థమవుతుంది, అది పుట్టిన గంటకే నిలబడాలని ఆమెకు తెలుసు. కానీ ఆ కణాలు కొత్త నరాలుగా మారిపోతాయని చెప్పకు. ఉన్న నరాలు చచ్చిపోకుండా కాపాడే పదార్థాలను అవి వదులుతాయి, అంతే. ‘ఈ రోజు నువ్వు ఇచ్చే మాయ వల్ల నీ బిడ్డకు ఏమీ ఒరగదు, రేపు ఇంకెవరి బిడ్డకో పనికి రావచ్చు’ అని తప్పనిసరిగా చెప్పు. ఆ మాట విన్నాక కూడా ఇచ్చే తల్లులు ఉంటారు. నా అనుభవంలో చాలామందే ఉంటారు.

నీ సంచిలో, ఈ వెన్ను లోపం చాలావరకు రాకుండా కాపాడే ఫోలిక్ యాసిడ్ మాత్రల గురించి చెప్పే కాగితాలు కూడా ఉండాలి. మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసేసరికే ఆ సమయం దాటిపోవచ్చు. కాబట్టి కొత్తగా పెళ్లైనవాళ్లకే చెప్పాలి. ఇంతకుముందు ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లి అయితే మామూలు మోతాదు సరిపోదు, డాక్టరు దగ్గరకు పంపు.

డబ్బు సంగతి. మా వార్డులో పుట్టిన ఒక బాబు కోసం తండ్రి రెండెకరాలు అమ్మి, నగరంలో ఎవరో చేసే ‘మూలకణాల ఇంజెక్షన్లు’ వేయించాడు. బాబు కాళ్లలో ఏ మార్పూ లేదు, పొలం మాత్రం పోయింది. రక్తానికి వచ్చే జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప, అనుమతి పొందిన చికిత్సా పరీక్షల (క్లినికల్ ట్రయల్స్) బయట ఇలాంటి చికిత్సలు చేయకూడదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పరీక్షలో చేరినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు. నువ్వు వెళ్లిన ప్రతి ఇంట్లో ఇది చెప్పు, వాళ్లు అడగకపోయినా సరే.

ఇక నా మనసులో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న విషయం. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ ఊళ్లలో జనం ఎన్నిసార్లు రక్తం, మూత్రం, నీళ్లు సీసాల్లో పోసి ఇచ్చారో లెక్కలేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని ప్రపంచమంతా నల్లగొండ పేరుతోనే పిలుస్తుంది. అయినా అక్కడ వంగిన నడుముతో ఒక పెద్దాయన నన్ను అడిగాడు: ‘మా మూత్రం తీసుకుపోయినవాళ్లు ఏం కనుక్కున్నారమ్మా?’ ఆ సీసాలు పట్టుకెళ్లిన బృందం మళ్లీ ఆ ఊరు రాలేదు. నా దగ్గర జవాబు లేదు.

మాయ ఇచ్చిన ప్రతి తల్లి పేరూ ఊరూ నీ నోట్‌బుక్‌లో భద్రంగా రాసుకో, ఇంకెవరికీ చూపించకు. ఏడాదికి ఒకసారైనా వెళ్లి పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పు. కణాలు పెరగకుండా పాడైపోతే అదీ చెప్పు. ఇందుకు బస్సు ఖర్చు ఇవ్వమని మీ బృందాన్ని ఇప్పుడే అడుగు, తర్వాత అడిగితే డబ్బు లేదంటారు.

వచ్చే ఆదివారం ఇంటికి రా. మీ సమ్మతి పత్రం తెలుగు ప్రతి ఒకటి తెచ్చుకో. పక్కింటి అమ్మాయికి ఆరో నెల, ఐదో తరగతితో బడి మానేసింది. ఆమెకు చదివి వినిపిద్దాం. ఎక్కడ ఆపి మళ్లీ చదవమంటుందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకుందాం.

నీ మేనత్త