డాలర్ రేటుకీ ధరలకీ సంబంధం లెక్కలో తేలకపోతే ప్రాజెక్టు వృథా అయినట్టేనా?

ఎంఏ ప్రాజెక్టు కోసం 2011 నుంచి డాలర్ రేటు, రిటైల్ ద్రవ్యోల్బణం నెలవారీ అంకెలు తీసుకుని రిగ్రెషన్ (ఒకటి మారితే రెండోది ఎంత మారుతుందో తేల్చే లెక్క) వేస్తే సంబంధం దాదాపు సున్నా వచ్చిందని, గైడ్‌కి ఏం చూపించాలో తెలియట్లేదని అడిగారు. టెన్షన్ పడకండి. నేను పీహెచ్‌డీ చేసింది ఈ అంశం మీదే. మన డేటాలో ఆ అంకె చిన్నగానే వస్తుంది. రూపాయి 5 శాతం పడితే ద్రవ్యోల్బణం 0.2 నుంచి 0.4 శాతం పాయింట్ల దాకా పెరగొచ్చని రిజర్వ్ బ్యాంక్ నివేదికల్లో వేసే అంచనా కూడా చిన్నదే. ఎందుకంత చిన్నదో చెప్పగలిగితే ప్రాజెక్టు నిలబడుతుంది.

2013 చూడండి. మే 22న అమెరికా ఫెడరల్ రిజర్వ్ చైర్మన్ బెర్నాంకీ బాండ్ల కొనుగోళ్లు తగ్గించే మాట ఎత్తారు. అప్పుడు 55 చిల్లర ఉన్న డాలర్ ఆగస్టు 28కి 68 దాటింది. బంకులో డీజిల్ మాత్రం ఆ లెక్కన పెరగలేదు. ఆ ఏడాది జనవరి నుంచి నెలకు అర్ధరూపాయి చొప్పునే పెంచుతూ వచ్చారు, మిగతా భారం సబ్సిడీ ఖాతాలోకి పోయింది. డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేసింది 2014 అక్టోబరులో. దానికి ముందూ వెనకా ఒకే గుణకం (డాలర్ మారితే ధర ఎంత మారుతుందో చెప్పే అంకె) ఉంటుందనుకోలేం కాబట్టి డేటాని అక్కడ రెండు ముక్కలు చేయండి.

అదే 2013 నవంబరులో రిటైల్ ద్రవ్యోల్బణం 11 శాతం దాటింది. రూపాయి పడినందుకే అనిపిస్తుంది గానీ అప్పుడు మండిపోయింది ఉల్లి, కూరగాయలు. ధరల్ని 2012తో పోల్చి చూసే రిటైల్ ధరల సూచీలో ఆహార పానీయాల వాటా దాదాపు 46 శాతం. టమాటా ధర వానని బట్టి ఉంటుంది, డాలర్‌ని బట్టి కాదు. మొత్తం సూచీ మీద లెక్క వేస్తే డాలర్ ప్రభావం ఈ గోలలో కొట్టుకుపోతుంది.

అందుకే నేను ఒక్కో సరుకునీ విడిగా పట్టుకున్నాను. మొదట వంటనూనె, ఎందుకంటే మనం వాడేదాంట్లో సగానికి పైగా దిగుమతే. హైదరాబాద్ బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ వ్యాపారి పొద్దున్నే ఫోన్‌లో రెండే చూసేవారు: మలేసియా పామాయిల్ రేటు, డాలర్ రేటు. 15 కిలోల డబ్బా రేటు ఆ పూటే మారిపోయేది. మా వీధి కిరాణా కొట్లో ప్యాకెట్ ధర కదలడానికి వారాలు పట్టేది, డాలర్ తగ్గినప్పుడైతే ఇంకా ఆలస్యం. కాబట్టి డాలర్ పెరుగుదలనీ తగ్గుదలనీ ఒకే వేరియబుల్‌లో కలపకండి. దిగుమతి సుంకం కూడా తప్పకుండా పెట్టాలి. 2024 సెప్టెంబరులో కేంద్రం వంటనూనెల మీద సుంకం ఒక్కసారిగా 20 పాయింట్లు పెంచింది. అది లెక్కలో లేకపోతే ఆ పెరుగుదలంతా డాలర్ నెత్తిన పడుతుంది.

ఏ రేటు వాడాలన్నది ఇంకో ప్రశ్న. చాలామంది గైడ్‌లు పలు కరెన్సీలతో రూపాయి విలువని కలిపి చూపే నీర్ (NEER) సూచీ వాడమంటారు. నా అభిప్రాయం వేరు. మన దిగుమతుల్లో 86 శాతానికి బిల్లు డాలర్లలోనే పడుతోందని, అమెరికా నుంచి వచ్చే సరుకు మాత్రం 5 శాతమేనని ఆర్థికవేత్త గీతా గోపీనాథ్ 2015లో చూపించారు. సరుకు ఏ దేశానిదైనా బిల్లు డాలర్లలో ఉన్నప్పుడు రూపాయి-డాలర్ రేటే పెట్టాలి. నీర్‌తో ఇంకోసారి వేసి అనుబంధంలో చూపిస్తే చాలు.

ఇక ఈ వారం చేయాల్సింది: 'నూనెలు, కొవ్వులు' ఉపసూచీ డౌన్‌లోడ్ చేసుకుని డాలర్ రేటు, మలేసియా పామాయిల్ ధర, సుంకం మూడూ పెట్టి, ఆరు నెలల లాగ్స్‌తో (అంటే వెనకటి ఆరు నెలల అంకెలు కూడా కలిపి) వేయండి. తర్వాత 2023 తీసేసి మళ్లీ వేయండి. ఆ ఏడాదంతా డాలర్ 81-83 రూపాయల చుట్టూనే తిరిగింది. రిజర్వ్ బ్యాంక్ డాలర్లు కొంటూ అమ్ముతూ రేటుని పెద్దగా కదలనివ్వలేదు. కదలని రేటుతో ధరల మీద ప్రభావం కొలవడం కుదరదు.